చేతి రక్తంలో క్రోమోజోమ్‌లా, ముఖద్వారం కణాల్లో క్రోమోజోమ్‌లా: గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ముప్పు తెలుసుకోవడానికి ఏ టెస్ట్ ఎవరికి

పోయిన ఏడాది వానాకాలంలో మా పెద్దమ్మ కూతురు ఉప్పల్ నుంచి ఫోన్ చేసింది. "నా క్రోమోజోమ్‌లు అన్నీ నార్మలేనట చెల్లీ. ఇక క్యాన్సర్ భయం లేనట్టే కదా" అంది. నెల రోజులుగా మోస్తున్న టెన్షన్ దించేసిన గొంతు అది. రిపోర్ట్ వాట్సాప్‌లో పెట్టమన్నాను. చూస్తే, చేతి నరం నుంచి తీసిన రక్తంతో చేసిన కేరియోటైప్ టెస్ట్, అంటే క్రోమోజోమ్‌ల సంఖ్య, ఆకారం చూసే టెస్ట్. '46, ఎక్స్‌ఎక్స్, నార్మల్' అని ఉంది. ఆ రిపోర్ట్‌లో ఒక్క తప్పు లేదు. అక్కకు కావలసిన జవాబు మాత్రం అందులో లేదు.

అక్కకు అప్పుడు 42 ఏళ్లు. హెచ్‌పీవీ టెస్ట్ పాజిటివ్, అంటే ఈ క్యాన్సర్‌కు దారితీసే వైరస్ ఉంది, అయితే ఎక్కువ ప్రమాదమైన 16, 18 రకాలు కాదు. ముఖద్వారం కణాలను గీకి తీసి మైక్రోస్కోప్‌లో చూసే పాప్ స్మియర్‌లో 'ఆస్కస్' అని వచ్చింది. అంటే కణాలు కాస్త తేడాగా ఉన్నాయి, ఇదమిత్థంగా ఫలానా అని తేల్చలేం అని అర్థం. ఆ మధ్యలో ఒక సెంటర్‌లో ఎవరో "క్రోమోజోమ్ టెస్ట్ చేయిస్తే మీకు క్యాన్సర్ వస్తుందో రాదో ముందే తెలుస్తుంది" అని చెప్పి రక్తం తీసుకున్నారు. డబ్బు పోయిందన్న బాధ ఒకటి. అంతకంటే పెద్ద ప్రమాదం, ఆ నార్మల్ రిపోర్ట్ చూసుకుని అక్క కాల్పోస్కోపీ, అంటే ముఖద్వారాన్ని పెద్దది చేసి చూసే పరీక్ష, వాయిదా వేసేయబోయింది.

నేను డాక్టర్‌ని కాను. హైదరాబాద్‌లో ఒక సైటాలజీ ల్యాబ్‌లో, అంటే కణాలను పరీక్షించే ల్యాబ్‌లో, 14 ఏళ్లుగా టెక్నీషియన్‌ని. స్లైడ్‌లు వేస్తాను, చూస్తాను, ఫిష్ టెస్ట్‌కి, అంటే క్రోమోజోమ్ భాగాలకు మెరిసే రంగు అంటించి చూసే టెస్ట్‌కి, చుక్కలు లెక్కపెడతాను. కౌంటర్ దగ్గర ఆడవాళ్లు ప్లాస్టిక్ కవర్‌లో ఫైల్ పట్టుకుని "ఇందులో ఏది చేయించుకోవాలమ్మా" అని అడగడం వారానికి రెండు మూడుసార్లైనా వింటాను. వాళ్లకు నిలబడి చెప్పే మాటల్నే ఇక్కడ కూర్చుని తీరిగ్గా రాస్తున్నాను.

ఏ క్రోమోజోమ్‌లు, ఎక్కడివి

మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ 46 క్రోమోజోమ్‌లు ఉంటాయి. సగం అమ్మ నుంచి, సగం నాన్న నుంచి. పుట్టుకతో వచ్చిన మార్పైతే సాధారణంగా ఏ కణం తీసి చూసినా దొరుకుతుంది. అందుకే డౌన్ సిండ్రోమ్ తేల్చడానికి, పదే పదే గర్భం పోతున్న దంపతులకు కారణం వెతకడానికి చేతి రక్తం సరిపోతుంది.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ దారి వేరు. దాదాపు ప్రతి కేసు వెనుకా హెచ్‌పీవీ అనే వైరస్ ఉంటుంది. దాన్ని కనిపెట్టినందుకే హరాల్డ్ జుర్ హౌజెన్‌కు 2008లో నోబెల్ వచ్చింది. ఈ క్యాన్సర్లలో సుమారు 70 శాతానికి 16, 18 అనే రెండు రకాలే కారణం. వైరస్ ఏళ్ల తరబడి తిష్ట వేస్తే దాని ఇ6, ఇ7 అనే రెండు ప్రొటీన్లు కణంలోని కాపలాదారులను పడగొడతాయి. ఇ6 దెబ్బకు పీ53 పోతుంది, ఇ7 దెబ్బకు ఆర్‌బీ పోతుంది. ఆ తర్వాత కణం ఆగకుండా చీలుతుంది, చీలే ప్రతిసారీ క్రోమోజోమ్‌ల పంపకం తప్పుతుంది. ఒక కణానికి ఎక్కువ, ఇంకోదానికి తక్కువ.

ఈ గందరగోళమంతా ముఖద్వారం దగ్గర ఉన్న ఆ కాసిని కణాల్లోనే. చేతి రక్తం కణాల్లో దాని ఆనవాలు కూడా ఉండదు. వంటింటి దూలానికి చెదలు పట్టిందా అని తెలుసుకోవడానికి వీధి గడపను తట్టి చూస్తే ఏం తెలుస్తుంది? అక్క రిపోర్ట్ అలాంటిదే.

"మా అమ్మకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది, బ్రాకా టెస్ట్ చేయిస్తే ఇది కూడా తెలుస్తుందా" అని కూడా అడుగుతారు. తెలియదు. బ్రాకా జీన్లు రొమ్ము, అండాశయం వంటి క్యాన్సర్లకు సంబంధించినవి. వంశపారంపర్యంగా వచ్చే ఒక అరుదైన మినహాయింపు ఉంది, ప్యూట్స్ జెగర్స్ సిండ్రోమ్. 19వ క్రోమోజోమ్ మీద ఉండే ఎస్‌టీకే11 జీన్‌లో లోపం వల్ల వస్తుంది. పెదవుల మీద, నోట్లో నల్లటి మచ్చలు, పేగుల్లో పాలిప్‌లు అనే చిన్న గడ్డలు ఉంటాయి. అలాంటి వాళ్లలో ముఖద్వారానికి ఒక అరుదైన రకం క్యాన్సర్ వచ్చే ముప్పు పెరుగుతుంది. ఇంట్లో ఎవరికైనా ఈ లక్షణాలుంటే జెనెటిక్స్ డాక్టర్‌ను కలవాలి. మిగతావాళ్లకు రక్తం మీద, లాలాజలం మీద చేసే క్రోమోజోమ్, జీన్ ప్యాకేజీలు ఈ ఒక్క జబ్బు విషయంలో దండగ. కొన్ని చోట్ల మైక్రోన్యూక్లియస్ టెస్ట్ అని కూడా చెబుతారు. కణంలో దెబ్బ తిన్న క్రోమోజోమ్ ముక్కలు విడిగా చిన్న బంతుల్లా కనిపిస్తే లెక్కపెట్టడం అది. పొగాకు వల్లా, ఇంకా ఎన్నో కారణాల వల్లా అవి పెరుగుతాయి, కాబట్టి దాన్ని పట్టుకుని ఎవరికీ వైద్యం నిర్ణయించలేం.

మరి అసలైన క్రోమోజోమ్ గుర్తు ఏది

ఒకటి ఉంది, దాని వెనుక గట్టి శాస్త్రమే ఉంది. 1996లో అమెరికాలో థామస్ రీడ్ బృందం, కెర్‌స్టిన్ హెసెల్‌మేయర్ ముందుండి, ముఖద్వారం కణాల్లో 3వ క్రోమోజోమ్ పొడవు చేయి, అంటే 3క్యూ భాగం, అదనపు కాపీలుగా పెరగడం గమనించింది. క్యాన్సర్‌కు ముందు దశ నుంచి అసలు క్యాన్సర్‌లోకి మారే మలుపులో ఈ పెరుగుదల బాగా కనిపించింది. ఆ భాగంలో 3క్యూ26 అనే చోట టెర్క్ అనే జీన్ ఉంటుంది. టెలోమరేజ్ అనే ఎంజైమ్‌లో ఒక భాగాన్ని అది తయారుచేస్తుంది.

చీర కొంగుకు కుచ్చులు ఎందుకు వేయిస్తాం? పోగులు ఊడిపోకుండా. క్రోమోజోమ్ కొసలకూ అలాంటి కుచ్చులుంటాయి, టెలోమియర్లు అంటారు. కణం చీలిన ప్రతిసారీ అవి కాస్త అరుగుతాయి. బాగా అరిగాక కణం చీలడం మానేస్తుంది, మంచిదే. టెలోమరేజ్ ఎక్కువైతే అరిగిన కుచ్చును మళ్లీ మళ్లీ అల్లేస్తుంది, కణానికి ముసలితనం రాదు. ఈ టెలోమియర్ల సంగతి విప్పినందుకు ఎలిజబెత్ బ్లాక్‌బర్న్, కరోల్ గ్రైడర్, జాక్ షోస్టాక్‌లకు 2009లో నోబెల్ వచ్చింది. టెలోమరేజ్‌లో ఇంకో భాగాన్ని చేసే టెర్ట్ జీన్ 5వ క్రోమోజోమ్ పొట్టి చేయి మీద ఉంటుంది. ముదిరిన కేసుల్లో అక్కడా పెరుగుదల కనిపిస్తుంది.

అదే బృందం 2005లో పాత పాప్ స్లైడ్‌లు బయటికి తీసి చూసింది. తర్వాత జబ్బు ముదిరిన స్త్రీల పాత స్లైడ్‌లలో టెర్క్ అదనపు కాపీలు అప్పటికే ఉన్నాయి, జబ్బు దానంతటదే తగ్గిపోయినవాళ్లలో ఎక్కువమందికి లేవు. చదివినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. అయితే అందులో తీసుకున్న స్త్రీల సంఖ్య చిన్నది. తర్వాత చైనాలో ఎన్నో ఆసుపత్రులు కలిసి పెద్ద అధ్యయనాలు చేశాయి. జబ్బు మెట్టు పెరిగేకొద్దీ టెర్క్ పాజిటివ్‌లు పెరగడం నిజమేనని తేలింది. ఇంతా అయ్యాక కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ స్క్రీనింగ్ మార్గదర్శకాల్లో ఈ టెస్ట్‌కు చోటు లేదు. ఎందుకో స్లైడ్ ముందు కూర్చుంటే అర్థమవుతుంది.

ఫిష్ గదిలో లైట్లు ఆర్పేసి కూర్చోవాలి. మైక్రోస్కోప్‌లో కణాల కేంద్రకాలు నీలంగా మెరుస్తాయి. ఆ నీలంలో 3క్యూ26కు అంటుకున్న ఎర్ర చుక్కలు, అదే క్రోమోజోమ్ నడుముకు అంటుకున్న ఆకుపచ్చ చుక్కలు. మామూలు కణంలో రెండు ఎరుపు, రెండు ఆకుపచ్చ. నాలుగైదు ఎర్ర చుక్కలు, రెండే ఆకుపచ్చ ఉంటే అక్కడ ఆగిపోతాం, ఆ కణం నంబర్ రాసుకుంటాం. నాలుగు ఎరుపు, నాలుగు ఆకుపచ్చ కనిపిస్తే వేరే చిక్కు. ఆ కణం చీలడానికి సిద్ధమవుతోందా, లేక మొత్తం సెట్టే రెండింతలైందా? రెండు కణాలు ఒకదాని మీద ఒకటి పడినా నాలుగు చుక్కలే కనిపిస్తాయి. శాంపిల్‌లో చీము కణాలు, రక్తం ఎక్కువుంటే లెక్కకు సరిపడా మంచి కణాలే దొరకవు. ఎన్ని కణాల్లో ఎక్కువ చుక్కలుంటే పాజిటివ్ అనాలి అన్న హద్దు కూడా అన్ని ల్యాబ్‌లకూ ఒకటి కాదు, ఎవరి హద్దు వాళ్లు నార్మల్ శాంపిళ్ల మీద తేల్చుకోవాలి. ఒక్క స్లైడ్ పూర్తయ్యేసరికి నాకు కళ్లు మండుతాయి. లక్షల మందికి చేసే మొదటి టెస్ట్‌గా ఇది నిలవడం కష్టం.

పక్కపక్కన పెట్టి చూస్తే

ముందు హెచ్‌పీవీ డీఎన్‌ఏ టెస్ట్. 30 దాటిన స్త్రీకి మొదటి టెస్ట్‌గా నేను చెప్పేది ఇదొక్కటే. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ (ఇప్పుడు ధారాశివ్) జిల్లాలో 1,31,746 మంది స్త్రీల మీద జరిగిన అధ్యయనం 2009లో వెలువడింది. జీవితంలో ఒక్కసారి హెచ్‌పీవీ టెస్ట్ చేసి, పాజిటివ్ వచ్చినవాళ్లకు వైద్యం చేసిన గుంపులో ఈ క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. మన పల్లె ఆడవాళ్ల లాంటి వాళ్ల మీదే వచ్చిన ఫలితం అది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 30 ఏళ్ల నుంచి, 5 నుంచి 10 ఏళ్లకోసారి ఈ టెస్ట్‌నే చేయమంది. హెచ్ఐవీ ఉన్నవాళ్లకు 25 నుంచే, 3 నుంచి 5 ఏళ్లకోసారి. నెగటివ్ వస్తే ఐదేళ్లు గుండె మీద చేయి వేసుకుని నిద్రపోవచ్చు. ఇంకో సుగుణం, శాంపిల్ ఎవరికి వాళ్లే తీసుకోవచ్చు. పరీక్ష బల్ల ఎక్కాలంటే సిగ్గుపడి ఏళ్లు గడిపేసే అమ్మలకు ఇది పెద్ద ఊరట. పాప్‌కీ, ఫిష్‌కీ ఆ వెసులుబాటు లేదు, ముఖద్వారం నుంచి బ్రష్‌తో తీసిన కణాలే కావాలి.

దాని లోపం కూడా చెప్పాలి. వైరస్ ఉందని చెబుతుంది, జబ్బు ఉందని చెప్పదు. సోకినవాళ్లలో ఎక్కువమందికి ఒకటి రెండేళ్లలో వైరస్ దానంతటదే పోతుంది. 30 లోపు అమ్మాయిలకు ఈ టెస్ట్ చేస్తే వచ్చి పోయే వైరస్‌ను పట్టుకుని అనవసరంగా భయపెట్టినట్టవుతుంది.

పాప్ స్మియర్ మా ల్యాబ్‌కు అన్నం పెట్టిన టెస్ట్, దాని మీద నాకు ప్రేమ ఉంది. కణం ఎలా మారిందో కంటితో చూడటం దానిలో గొప్ప. కానీ చూసే కన్ను మీద, తీసిన చేయి మీద ఆధారపడుతుంది. ఒక్కసారి చేసిన పాప్ చాలా కేసులను జారవిడుస్తుంది, అందుకే మూడేళ్లకోసారి చేయాల్సి వస్తుంది. మన ప్రభుత్వ మార్గదర్శకాలు 2016 నుంచి 30 నుంచి 65 ఏళ్లవాళ్లకు ఐదేళ్లకోసారి వీఐఏ చెబుతున్నాయి. ముఖద్వారానికి ఎసిటిక్ యాసిడ్ రాసి, తెల్లబడిన చోటు ఉందా అని కంటితో చూడటం అది. చవక, ఫలితం అప్పటికప్పుడే. కానీ మన మేడ్చల్ ప్రాంతంలో జరిగిన అధ్యయనంలో జబ్బును పట్టే శక్తి పాప్, హెచ్‌పీవీ కంటే దానికి తక్కువగా వచ్చింది. దగ్గర్లో వేరేదేమీ లేకపోతే వీఐఏ చేయించుకోండి, ఏమీ చేయించుకోకపోవడం కంటే వెయ్యి రెట్లు నయం.

అసలు పోటీ ఇక్కడి నుంచి మొదలవుతుంది. హెచ్‌పీవీ పాజిటివ్ వచ్చిన పది మందిలో ఎవరికి తొందర, ఎవరు ఏడాది ఆగవచ్చు అని వడగట్టాలి. క్రోమోజోమ్ గుర్తులు పనికొచ్చేది ఈ వడపోతలోనే.

16, 18 రకాలు వస్తే వడగట్టే పనే లేదు, నేరుగా కాల్పోస్కోపీకి వెళ్లాలి. మిగతా రకాలకు పాప్ చూస్తారు, ఆస్కస్ లేదా అంతకు మించి ఉంటే కాల్పోస్కోపీ, నార్మల్ అయితే ఏడాదికి మళ్లీ టెస్ట్. దీనికంటే మెరుగైనది పీ16, కేఐ67 అనే రెండు ప్రొటీన్లకు రంగులు వేసి చూసే డ్యూయల్ స్టెయిన్. ఆర్‌బీ పడిపోయిన కణంలో పీ16 పేరుకుపోతుంది, చీలుతున్న కణంలో కేఐ67 ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న కణంలో ఈ రెండూ ఒకేసారి ఉండకూడదు, ఉన్నాయంటే వైరస్ పగ్గాలు చేతిలోకి తీసుకుందన్నమాట. ఒకే కణంలో గోధుమ రంగు, ఎరుపు కలిసి కనిపిస్తే చాలు, చీకటి గదితో పని లేదు. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా హెచ్‌పీవీ పాజిటివ్‌లను వడగట్టడానికి దీన్ని చేర్చింది. డీఎన్‌ఏ మీద మిథైల్ అనే రసాయన గుర్తులు చూసే మిథైలేషన్ టెస్ట్‌లు కూడా ఆశలు రేపుతున్నాయి, ఇంట్లో తీసుకున్న శాంపిల్‌తోనూ చేయవచ్చు, కానీ ఇక్కడ మామూలు ల్యాబ్‌లో అడిగితే దొరికేవి కావు.

ఫిష్ ఈ వరుసలో చివర నిలబడుతుంది. పాప్ కంటే చాలా ఖరీదు, నేర్పున్న చేయి కావాలి, ఫలితానికి రోజులు పడుతుంది. నా మాట అడిగితే ఇది రెండు పరిస్థితుల్లోనే ఆలోచించదగ్గది. కాల్పోస్కోపీ, బయాప్సీ అన్నీ అయ్యాక కూడా రిపోర్ట్‌లు ఒకదానితో ఒకటి పొసగనప్పుడు, లేదా ఇంకా పిల్లలు కావాలనుకునే వయసులో సీఐఎన్2 (క్యాన్సర్‌కు ముందు దశలో మధ్య మెట్టు, సీఐఎన్3 చివరి మెట్టు) వచ్చి, కోత పెట్టాలా ఆగి చూడాలా అని డాక్టర్ తూకం వేస్తున్నప్పుడు. అప్పుడు కూడా అది తూకంలో ఒక రాయి మాత్రమే. ఫిష్ నెగటివ్ వచ్చిందని బయాప్సీ మానుకోవడం, పాజిటివ్ వచ్చిందని బయాప్సీ లేకుండా ఆపరేషన్‌కు వెళ్లడం, రెండూ తప్పే.

గర్భసంచి తీసేయమంటే

ఈ మాట రాయకుండా ఉండలేను. మన తెలుగు ఇళ్లలో తెల్లబట్ట అవుతోందన్నా, రిపోర్ట్‌లో పాజిటివ్ అని కనిపించినా "పిల్లలు పుట్టేశారుగా, గర్భసంచి తీయించేస్తే పీడ పోతుంది" అనేస్తారు. 35 ఏళ్లకే తీయించుకుని వచ్చిన ఆడవాళ్ల ఫైళ్లు ఎన్ని చూశానో. హెచ్‌పీవీ పాజిటివ్ అయినా, ఆస్కస్ అయినా, టెర్క్ పాజిటివ్ అయినా, వాటంతట అవి గర్భసంచి తీయడానికి కారణాలు కావు. క్యాన్సర్‌కు ముందు దశ అని బయాప్సీలో తేలితే ఎక్కువమందికి క్రయో (చలితో గడ్డకట్టించడం), థర్మల్ అబ్లేషన్ (వేడితో కాల్చడం), లీప్ (కరెంటు తీగతో ఆ భాగాన్ని తీసేయడం) వంటి చిన్న చికిత్సలు చాలు. సీఐఎన్3ని మాత్రం ఊరికే వదలకూడదు. న్యూజిలాండ్‌లో చికిత్స సరిగా అందని స్త్రీలను ఏళ్ల తరబడి గమనిస్తే 30 ఏళ్లలో సుమారు 30 శాతం మందికి క్యాన్సర్ అయింది. అంటే నిర్లక్ష్యం చేయకూడదు, అలాగని రాత్రికి రాత్రి ఆపరేషన్ బల్ల ఎక్కాల్సిన పనీ లేదు. రెండో డాక్టర్ మాట వినడానికి సమయం ఉంటుంది. రెడ్ హిల్స్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, ఫైల్ పట్టుకుని అక్కడి ఓపీలో చూపించుకోవచ్చు.

ఒక్క హెచ్చరిక. భార్యాభర్తలు కలిసిన తర్వాత రక్తం కనిపించడం, ముట్లుడిగాక మళ్లీ రక్తం, దుర్వాసనతో రక్తం కలిసిన స్రావం ఉంటే పైన చెప్పిన ఏ స్క్రీనింగ్ లెక్కా వర్తించదు. పాత రిపోర్ట్ నెగటివ్ అని ఊరుకోకుండా నేరుగా గైనకాలజిస్ట్ దగ్గరికి వెళ్లాలి.

ఎవరైనా మీకు ఈ క్యాన్సర్ కోసం క్రోమోజోమ్ టెస్ట్ అని చెబితే కౌంటర్ దగ్గర అడగాల్సిన మొదటి ప్రశ్న, "శాంపిల్ ఎక్కడి నుంచి తీస్తారు?" చేయి అంటే లేచి రండి. ముఖద్వారం అంటే, "ఏ క్రోమోజోమ్ చూస్తారు, మీ ల్యాబ్ హద్దు ఎంత, ఫలితం ఎలా వచ్చినా నా వైద్యంలో ఏం మారుతుంది?" అని అడగండి. ఆఖరి దానికి జవాబు రాకపోతే ఆ డబ్బు కాల్పోస్కోపీకి దాచుకోండి. టెస్ట్‌కు వెళ్లేముందు రెండు రోజులు యోనిలో పెట్టే మందులు, కలయిక మానాలి, ముట్టు రోజుల్లో వెళ్లకూడదు.

అక్కను ఆ వారంలోనే కాల్పోస్కోపీకి పంపించాను, నేనూ వెంట వెళ్లాను. బయాప్సీలో సీఐఎన్2. బావగారు గర్భసంచి మాట ఎత్తారు, డాక్టరమ్మ ఓపికగా బొమ్మ గీసి చూపించింది. లీప్ చేశారు, సాయంత్రానికి ఇంటికొచ్చి టీ పెట్టుకుంది. ఆరు నెలలకు మళ్లీ హెచ్‌పీవీ టెస్ట్, నెగటివ్. వచ్చే ఏడాది ఇంకోసారి చేయించాలి, తేదీ ఫ్రిజ్ మీద రాసి అంటించింది. పాత ఫైల్‌లో ఆ '46, ఎక్స్‌ఎక్స్' కాగితం ఇంకా ఉంది. దాని వెనుక ఖాళీ వైపున బయాప్సీ స్లైడ్ నంబర్, ఆ ముక్కను దాచిన మైనం బ్లాక్ నంబర్ నా చేత్తో రాసి ఇచ్చాను. ఎప్పుడైనా వేరే ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే అక్కడ మొదట అడిగేది వాటినే.